నర్సు చదువుకు పైమెట్టు: కొత్తపేట నర్సుల ప్రణాళిక

కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోయింది. మామిడి సీజన్‌లో రాత్రంతా లారీలు బారులు తీరిన ఆ స్థలంలో వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. ఏ స్పెషలిస్టులు వస్తారు, గుండె ఆపరేషన్లు చేస్తారా, డయాలసిస్ ఉంటుందా అని అప్పటి నుంచి కాలనీల్లో ఒకటే మాటలు. నర్సుల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. వాళ్లు ఎలాగూ దొరుకుతారని అందరి ధీమా. నిజమే, దొరుకుతాం. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో, చైతన్యపురి, సరూర్‌నగర్ అద్దె గదుల్లో, ఎల్బీనగర్ దాటి వనస్థలిపురం, హయత్‌నగర్ దాకా ఎక్కడ చూసినా మేమే. నల్గొండ, ఖమ్మం, పాలమూరు పల్లెల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. మేము అడిగేది ఇంకొకటి. రోగుల పడకల పక్కన ఇరవై ఏళ్లు పనిచేసిన నర్సు, చదువులోనూ అధికారంలోనూ, చేరిన రోజు ఎక్కడుందో అక్కడే ఉండిపోవాలా?

ఈ ప్రశ్నతోనే మా ఉద్యమం మొదలవుతోంది. నర్స్ ప్రాక్టీషనర్ అయ్యే చదువు మన ఊళ్లో దొరకాలి. చదివినవాళ్లకు ఆ పేరుతోనే పోస్టు ఉండాలి. ఆ పోస్టులో ఉన్నవాళ్లు ఏ పని సొంతంగా చేయవచ్చో, ఎక్కడ ఆగి డాక్టర్‌ను పిలవాలో రాసి ఉండాలి. చదువు, పోస్టు, పరిధి: వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ దండగే.

నర్స్ ప్రాక్టీషనర్ అంటే ఎంబీబీఎస్ సీటు రాక నర్సింగ్‌లో చేరి, దొడ్డిదారిన డాక్టర్ కావాలనుకునే మనిషి అని కొందరి అభిప్రాయం. కాదు. రోగిని పరీక్షించి, కావలసిన టెస్టులు రాసి, తనకు అప్పగించిన పరిధిలో మందు మొదలుపెట్టి, అవసరమైతే మార్చి, తన చేయి దాటిన కేసును ఆలస్యం చేయకుండా పైకి పంపే నర్సు ఆమె. 1965లో అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో లొరెట్టా ఫోర్డ్ అనే పబ్లిక్ హెల్త్ నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టర్ కలిసి ఈ చదువుకు శ్రీకారం చుట్టారు. మొదలుపెట్టినవాళ్లలో ఒకరు డాక్టరేనని మన డాక్టర్లు గుర్తుంచుకోవాలి. ఫోర్డ్ 104 ఏళ్లు జీవించి 2025 జనవరిలో కన్నుమూశారు. నాణ్యత మాటేమిటి అని అడిగేవాళ్లకు కెనడాలోని బర్లింగ్టన్‌లో జరిగిన ప్రయోగం ఉంది. కొన్ని కుటుంబాలను డాక్టర్‌కూ కొన్నింటిని నర్స్ ప్రాక్టీషనర్‌కూ అప్పగించి చూశారు. ఎవరి దగ్గర చూపించుకున్నా ఆరోగ్యం ఒకే తీరుగా ఉందని 1974లో ఫలితాలు ప్రకటించారు. బ్రిటన్‌లో ప్రత్యేక అర్హత సంపాదించిన నర్సులు 2006 నుంచి దాదాపు అన్ని మందులూ సొంతంగా రాస్తున్నారు.

మన దగ్గర ఈ పని జరగడం లేదా? రాత్రి రెండున్నరకు ఏ ఐసీయూలోనైనా అడుగుపెట్టి చూడండి. ఆరో బెడ్ మీద సెప్సిస్‌తో ఉన్న పెద్దాయన బీపీ జారుతోంది. మానిటర్ మీద మ్యాప్, అంటే సగటు రక్తపోటు, 52. సిస్టర్ ముందు కేబుల్ సరిగ్గా ఉందో లేదో చూసింది. పంపు దగ్గరికి వెళ్లి లైన్ ఎక్కడైనా మడత పడిందేమో తడిమింది. సిరంజిలో బీపీ నిలబెట్టే మందు నారడ్ ఎంత మిగిలిందో, యూరిన్ బ్యాగ్‌లో గంటకు ఎంత వచ్చిందో చూసుకుని అప్పుడు ఫోన్ అందుకుంది.

"సార్, ఆరో బెడ్. మ్యాప్ యాభై రెండు. నారడ్ ఆరులో నడుస్తోంది."

డ్యూటీ డాక్టర్ కింద క్యాజువాలిటీలో యాక్సిడెంట్ కేసు మీద ఉన్నాడు. "మీరైతే ఎంత పెడతారు సిస్టర్?"

"ఎనిమిది చేసి పది నిమిషాలు చూస్తాను సార్. యూరిన్ కూడా తగ్గింది."

"సరే, పెట్టండి. నేనొచ్చి రాస్తా."

తెల్లారేసరికి కేస్ షీట్‌లో ఆ మార్పు డాక్టర్ చేతిరాతలో ఉంటుంది. ఆ డాక్టర్ మంచివాడే. అడిగాడు, విన్నాడు, నమ్మాడు. కానీ ఆ పది నిమిషాల్లో పెద్దాయనకు ఏదైనా అయితే ఫోన్‌లో అన్న మాట ఎక్కడా కనిపించదు. "సిస్టర్ ఎవరినడిగి పెంచింది?" అన్న ప్రశ్న ఒక్కటే మిగులుతుంది. పని మాది, రాత మరొకరిది, తేడా వస్తే తప్పు మళ్లీ మాది. ఈ ఏర్పాటుకు ఇకపై మేము తలూపం.

ఇప్పుడు చదువు సంగతి. ఇంటర్ బైపీసీ అయిన అమ్మాయిని కూర్చోబెట్టి ఇంట్లోవాళ్లకు మొత్తం దారి చెప్పేవాళ్లు మా చుట్టుపక్కల తక్కువ. కన్సల్టెన్సీ వాళ్లు సీటు దాకా చెప్పి ఆపేస్తారు. ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. జీఎన్ఎం చేసినవాళ్లు పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు చదివితే డిగ్రీవాళ్లతో సమానమవుతారు. డిగ్రీ తర్వాత కనీసం ఏడాది బెడ్‌సైడ్ అనుభవం ఉంటే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూపొందించిన ఎన్‌పీసీసీలో, అంటే క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సులో చేరవచ్చు. అది రెండేళ్ల రెసిడెన్సీ. ఐదో వంతు క్లాసురూమ్, మిగతా ఎనభై శాతం రోగి దగ్గరే. ఆ ఏడాది అనుభవంతో కలిపి ఇంటర్ నుంచి లెక్కేస్తే ఏడేళ్లు. జీఎన్ఎం దారిలో వస్తే ఎనిమిదేళ్లు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు. డాక్టర్లతో పోటీకి ఈ లెక్క చెప్పడం లేదు. "ఏదో చిన్న కోర్సు చేసి వస్తారు" అనేవాళ్ల కోసం చెబుతున్నాం.

అంత చదివి ఆ నర్సు ఏ పోస్టులో చేరాలి? తెలంగాణ మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2022 చివర్లో 5,204 స్టాఫ్ నర్స్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. 2024లో నర్సింగ్ ఆఫీసర్ పేరుతో ఇంకో 2,050 పోస్టులకు ఇచ్చింది. వాటి కోసం దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఉదయం ఆరు గంటల బ్యాచ్‌లు కిటకిటలాడాయి. నైట్ డ్యూటీ దిగి యూనిఫాం మీద చున్నీ కప్పుకుని తిన్నగా క్లాసుకు వచ్చినవాళ్లు మాలోనే ఉన్నారు. ఆ ఉద్యోగాలు రావడం మంచిదే, ఇంకా రావాలి. కానీ అవన్నీ మొదటి మెట్టు ఉద్యోగాలు. పై చదువు చదివినా పేరు అదే, పని అదే. అందుకే మాలో బాగా చదివేవాళ్లు ఎంఎస్సీ చేసి ట్యూటర్లుగా వెళ్లిపోతున్నారు. పిల్లలకు పాఠం చెప్పడం గొప్ప పనే, మేమూ అలాంటి మేడమ్‌ల దగ్గరే నేర్చుకున్నాం. అయితే చేయి తిరిగిన నర్సు ఎదగాలంటే రోగిని వదిలిపెట్టి వెళ్లక తప్పని పద్ధతి రోగికి మేలు చేయదు.

ప్రైవేటులో పరిస్థితి వేరు. సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల లోపు ఆసుపత్రిలోనూ నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫార్సు చేసింది. రెండు వందల పడకలు దాటితే సర్కారు జీతంతో సమానంగా ఇవ్వాలంది. కొత్తపేట నుంచి ఎల్బీనగర్ దాకా మెయిన్ రోడ్డు మీద, సందుల్లో ఉన్న చిన్న ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు ఈ సిఫార్సును తమ పే స్లిప్ పక్కన పెట్టి చూసుకోండి. పే స్లిప్ ఇస్తే.

చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకునే అలవాటు ఇంకొకటి. పై చదువుకు అప్లై చేయాలంటే ఒరిజినల్స్ కావాలి. ఒరిజినల్స్ కావాలంటే బాండ్ డబ్బు కట్టాలి. బాండ్ డబ్బు రెండు మూడు నెలల జీతం. ఎంతోమంది పై చదువు ఆ బీరువా దగ్గరే ఆగిపోయింది. ఏ ఆసుపత్రి అని మమ్మల్ని అడగొద్దు. పక్కింటి నర్సును అడగండి, ఆమె చెబుతుంది.

ఇదంతా మన వల్ల కాని పని అనుకోనక్కర్లేదు. మిడ్‌వైఫరీలో దేశానికి దారి చూపించింది తెలంగాణే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో రాష్ట్రంలో జరిగిన కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశం మొత్తం మీద 21.5 శాతమే. తల్లి పక్కన గంటల తరబడి కూర్చుని, నడిపించి, ధైర్యం చెప్పి, తొందరపడకుండా కాన్పు చేసే మనిషి లేకపోవడం దీనికి ఒక పెద్ద కారణం. హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రిలో డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ 2011లోనే నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యునిసెఫ్, ఫెర్నాండెజ్ సంస్థ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులను తీసుకుని ఏడాదిన్నర కోర్సు పెట్టాయి. కేంద్రం మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది ఆ మరుసటి ఏడాది, 2018 డిసెంబరులో. నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అన్న మాట దేశంలో మామూలు మాట కావడానికి ముందే మన జిల్లా ఆసుపత్రిలో నర్సులు ఆ చదువు చదివారు.

ఆ కోర్సులో మాకు నచ్చిన సంగతి ఒకటుంది. జీఎన్ఎం చదివినవాళ్లకూ అందులో చోటుంది. ఎన్‌పీసీసీ అలా కాదు, డిగ్రీ ఉంటేనే తలుపు తెరుస్తుంది. పల్లెల్లో, చిన్న ఆసుపత్రుల్లో చేయి తిరిగినవాళ్లలో ఎక్కువమంది జీఎన్ఎంలే. వాళ్ల కోసం డ్యూటీ చేస్తూ చదివే పోస్ట్ బేసిక్ సీట్లు పెరగకపోతే పై చదువు నగరంలో పుట్టిన డిగ్రీ పిల్లలకే మిగులుతుంది. మేము పెట్టుకోబోయే సంఘంలో ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ తేడా ఉండదు. ఈ తేడా మాలోనే లేదని అనలేం. కొత్తగా చేరిన బీఎస్సీ చెల్లెలు పదిహేనేళ్ల జీఎన్ఎం అక్కను పేరు పెట్టి పిలవడం, ఆ అక్క మనసు కష్టపెట్టుకుని పని నేర్పకపోవడం ప్రతి వార్డులో ఉంది. అది మానుకుంటేనే బయటివాళ్లను అడిగే హక్కు మనకు ఉంటుంది.

విదేశాల దారి గురించి కూడా దాపరికం లేకుండా మాట్లాడాలి. బీఎస్సీ చేసినవాళ్లు సర్టిఫికెట్లు మదింపు చేయించుకుని, ఎన్‌క్లెక్స్ పరీక్షను హైదరాబాద్‌లోనే రాసి, వీసా వస్తే అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు అవుతారు. అక్కడ కొన్నాళ్లు పనిచేసి ఎంఎస్ఎన్ గానీ, డీఎన్‌పీ అనే డాక్టరేట్ గానీ చేసి, కుటుంబ వైద్యం, మానసిక వైద్యం, అక్యూట్ కేర్‌లో ఏదో ఒకటి ఎంచుకుని, జాతీయ పరీక్ష రాసి నర్స్ ప్రాక్టీషనర్ అవుతారు. అక్కడి కొత్త ప్రమాణాల ప్రకారం ఆ చదువులో రోగుల దగ్గర కనీసం 750 గంటలు గడపాలి. మన ఎన్‌పీసీసీ పిల్లలు రెండేళ్లలో ఎక్కువ భాగం రోగి దగ్గరే ఉంటారు, ఆ గంటలు ఎప్పుడో దాటేస్తారు. అంటే బెడ్‌సైడ్ శిక్షణలో మన కోర్సు ఎవరికీ తీసిపోదు. తేడా అంతా పాసైన మరుసటి రోజు నుంచే. ఎల్బీనగర్ నుంచి వెళ్లిన సిస్టర్ టెక్సాస్‌లో డాక్టర్‌తో ఒప్పందం చేసుకుని మందులు రాస్తుంది. అరిజోనాలో ఆ ఒప్పందం కూడా అక్కర్లేదు. అదే సిస్టర్ అక్కడ నేర్చుకున్నదంతా మూటగట్టుకుని ఇంటికి తిరిగొస్తే ఇక్కడ మళ్లీ స్టాఫ్ నర్సే.

జర్మనీకి వెళ్లేవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ భాష నేర్పించి మరీ దారి చూపుతోంది. సంతోషం. వెళ్లేవాళ్లను మేము ఆపం. వాళ్లు పంపే డబ్బుతో ఊళ్లో చెల్లెలి పెళ్లి అయిందని, తమ్ముడి చదువు సాగిందని, నాన్న అప్పు తీరిందని మాకు తెలుసు. కానీ పరాయి దేశం కోసం భాష నేర్పగలిగిన ప్రభుత్వం సొంత ఆసుపత్రి కోసం రెండేళ్ల కోర్సు పెట్టలేదా?

డాక్టర్లకు రెండు మాటలు. 2019లో నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలో 32వ సెక్షన్ వచ్చినప్పుడు దేశమంతా జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కారు. కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకు పరిమిత లైసెన్సు ఇస్తే సగం చదివినవాళ్లు వైద్యులైపోతారని వాళ్ల భయం. ఆ భయంలో అర్థం ఉంది. చదువుకూ అనుమతికీ మధ్య లంకె తెగితే ప్రమాదమే. మేము అడిగేది ఆ లంకె గట్టిపడాలని. ఈ బస్తీల్లో ఏ డిగ్రీ లేనివాళ్లు బోర్డు పెట్టుకుని సెలైన్లు ఎక్కిస్తున్నారు, యాంటీబయాటిక్ రెండు రోజులు ఇచ్చి ఆపేస్తున్నారు, ఒళ్లు నొప్పులంటే స్టెరాయిడ్ పొడుస్తున్నారు. వాళ్లను చూసీ చూడనట్టు వదిలేసే వ్యవస్థ, ఏడేళ్లు చదువూ పనీ చేసి రిజిస్ట్రేషన్ ఉన్న నర్సు షుగర్ రోగి ఇన్సులిన్ రెండు యూనిట్లు మారుస్తానంటే చట్టం గుర్తుచేస్తుంది.

మేము పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోం. సొంత క్లినిక్ బోర్డు అడగం. ఆపరేషన్ అడగం. కన్సల్టెంట్, నర్స్ ప్రాక్టీషనర్ కలిసి కూర్చుని రాసుకున్న ప్రోటోకాల్ అడుగుతాం. ఏ మందు, ఎంత మోతాదు, ఏ అంకె దగ్గర డాక్టర్‌ను లేపాలి అన్నది అందులో ఉండాలి. ఆ ప్రోటోకాల్ కింద తీసుకున్న నిర్ణయం కేస్ షీట్‌లో మా పేరుతో, మా రిజిస్ట్రేషన్ నంబరుతో, మా సంతకంతో ఉండాలి. తప్పు చేస్తే ఆ సంతకమే మమ్మల్ని పట్టివ్వాలి. బాధ్యత లేని అధికారం మాకొద్దు.

ఇక మా కోరికలు. కొత్తపేట టిమ్స్‌లో ఎన్‌పీసీసీ కోర్సు పెట్టాలి. వేరే చోటి నుంచి సిబ్బందిని తెచ్చుకునే బదులు తన ఐసీయూలకు కావలసిన నర్స్ ప్రాక్టీషనర్లను ఆ ఆసుపత్రే తయారు చేసుకోవాలి. రెసిడెన్సీ చేసే నర్సుకు జీతం ఆగకూడదు. పిల్లలున్న నర్సు రెండేళ్లు జీతం లేకుండా చదవలేదు, ఆ సంగతి తెలియనివాళ్లే ఫీజు కట్టి చదువుకోమంటారు. మలక్‌పేట, వనస్థలిపురం ఏరియా ఆసుపత్రుల కాన్పు వార్డుల్లో మిడ్‌వైఫరీ చదివినవాళ్లకు మిడ్‌వైఫ్ పోస్టే ఇవ్వాలి, ఇంజెక్షన్ రూమ్‌కు పంపకూడదు. 2018లో మొదలైన బస్తీ దవాఖానాల్లో బీపీ, షుగర్ రోగులను నెలనెలా చూసే పనికి కమ్యూనిటీ హెల్త్ చదివిన నర్సులకు అవకాశం ఇవ్వాలి. చట్టం మారాల్సిన చోట మార్చాలి. మందుల నిబంధనలు ప్రిస్క్రిప్షన్‌ను రిజిస్టర్డ్ డాక్టర్‌కే పరిమితం చేశాయి. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. నర్స్ ప్రాక్టీషనర్ పరిధి ఏమిటో ఆ చట్టం కింద వచ్చే నిబంధనల్లో స్పష్టంగా రాయించడానికి రాష్ట్ర ప్రభుత్వం పట్టుబట్టాలి.

కాలేజీల మాట చెప్పకుండా ముగించడం కుదరదు. క్లినికల్ పోస్టింగ్ రిజిస్టర్‌లో మాత్రమే జరిగే కాలేజీలు ఉన్నాయి. అక్కడ నాలుగేళ్లు చదివి కాన్యులా పెట్టడం ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నవాళ్లు మా మధ్య ఉన్నారు. తప్పు వాళ్లది కాదు. ఎన్‌పీసీసీ అలాంటి చోటికి వెళ్తే రెండేళ్లలో ఆ పేరు చెడిపోతుంది, డాక్టర్లు భయపడిందే నిజమవుతుంది. రోగులు లేని కాలేజీకి ఒక్క సీటు కూడా ఇవ్వొద్దని అందరికంటే ముందు మేమే అడ్డుపడతాం.

ప్రభుత్వం కదిలేదాకా చేతులు ముడుచుకుని కూర్చోం. ప్రతి ఆదివారం మధ్యాహ్నం, నైట్ డ్యూటీవాళ్లు నిద్ర లేచాక, కొత్తపేటలో చదువుకునే గుంపు నడుస్తుంది. ఈసీజీ, ఏబీజీ, వెంటిలేటర్ సెట్టింగులు, గుండె చప్పుళ్లు, మందుల మోతాదు లెక్కలు. తెలుగులో అర్థం చేసుకుని ఇంగ్లిష్‌లో రాద్దాం. కేరళ సిస్టర్లు మన నగరంలో ఎన్నో వార్డులకు పని నేర్పారు, వాళ్లను గురువులుగా పిలుస్తాం. బ్రదర్స్ కూడా రావాలి, నర్సింగ్ ఆడవాళ్ల పనే అన్న మాట మా దగ్గర చెల్లదు. పాఠం చెప్పడానికి ఇష్టపడే డాక్టర్లకు ముందు వరుసలో కుర్చీ వేస్తాం. కోచింగ్ సెంటర్ల నుంచి, విదేశాలకు పంపే కన్సల్టెన్సీల నుంచి ఒక్క రూపాయి తీసుకోం. సభ్యత్వం ఏడాదికి వంద రూపాయలు, విద్యార్థులకు ఉచితం.

సంఘానికి ఇంకా పేరు పెట్టలేదు. పది మంది కూర్చుని పెడితే అది పది మంది పేరే అవుతుంది. అందరూ వచ్చాకే పెట్టుకుందాం. వచ్చే నెల మొదటి ఆదివారం విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర కలుద్దాం. డ్యూటీ ఉన్నవాళ్లు ఇప్పుడే ఇన్‌చార్జ్ సిస్టర్‌తో మాట్లాడి షిఫ్ట్ మార్చుకోండి. ఒరిజినల్స్ తేవొద్దు. రిజిస్ట్రేషన్ నంబరు, ఒక నోట్‌బుక్ చాలు.